ముదురు ఆకుపచ్చ: తెర మీద, కాగితం మీద



ఊళ్లో ఏ డీటీపీ సెంటర్‌కైనా వెళ్లి, డిజైన్ చేసే కుర్రవాడి పక్కన కాసేపు కూర్చోండి. "కొంచెం పచ్చరంగు వెయ్యి బాబూ, మరీ కొట్టొచ్చినట్టు కాదు, హుందాగా ఉండాలి" అనే మాట ఎవరో ఒకరు అంటారు. అది రైతు సంఘం వార్షిక సంచిక కావచ్చు, ఆయుర్వేద మందుల దుకాణం వెబ్‌సైటు కావచ్చు, ఇంట్లో పెళ్లి శుభలేఖ కావచ్చు. అడిగినవాళ్ల మనసులో ఉన్నది ముదిరిన మామిడాకు రంగు. చీరల దుకాణంలో బాటిల్ గ్రీన్ అని పరిచి చూపిస్తారే, అదే. కుర్రవాడు మౌసుతో ఒక రంగు నొక్కుతాడు. తెర మీద బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అందరూ తలలూపుతారు. తీరా అచ్చయి వచ్చిన కట్ట విప్పి చూస్తే అట్ట దాదాపు నల్లగా ఉంటుంది, లేదంటే పాచిరంగుకు తిరిగి ఉంటుంది. ప్రెస్సువాళ్లను తిట్టుకుంటాం. పాపం, చాలాసార్లు అందులో వాళ్ల తప్పేమీ ఉండదు.

ముదురు ఆకుపచ్చ వాడాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ముందు తేల్చుకోవలసింది అది ఎంత ముదురు అన్నది. ఏ పచ్చ అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు. మనలో చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. చిలకపచ్చా, నాచుపచ్చా అని గంటసేపు వాదించుకుని, దాని మీద అక్షరం కనబడుతుందా లేదా అన్నది అసలు చూడరు.

ముందు తెర సంగతి చూద్దాం. ఫోనుకైనా, కంప్యూటరుకైనా తెలిసిన వెలుగులు మూడే: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఒక్కోదానికి సున్నా నుంచి 255 దాకా మెట్లు ఉంటాయి. మూడూ పూర్తిగా వెలిగితే తెలుపు, మూడూ ఆరిపోతే నలుపు. వెబ్ పేజీలు రాసే భాషలో 'డార్క్ గ్రీన్' అని పేరు పెట్టి మరీ ఇచ్చిన రంగు ఒకటుంది. దాని లెక్క ఎరుపు సున్నా, ఆకుపచ్చ 100, నీలం సున్నా. కాగితం, కలం దగ్గరుంటే రాసుకోండి, దీంతో ఇంకా పనుంది.

మన కన్ను ఈ మూడు వెలుగులనూ ఒకేలా చూడదు. తెల్లగా వెలుగుతున్న తెర నుంచి కంటికి తోచే కాంతి నూరు పాళ్లు అనుకుంటే, అందులో ఆకుపచ్చ వాటా సుమారు 72. ఎరుపుది 21. నీలానికి మిగిలేది ఏడు. కెమెరాలు చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. 1976లో కోడాక్ సంస్థ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ పేరుమీద పేటెంటు వచ్చిన అమరికలో, సెన్సర్ మీది గళ్లలో సగం ఆకుపచ్చకే ఇచ్చేశారు. మిగతా సగాన్ని ఎరుపు, నీలం పంచుకోవాలి. ఇవాళ మన జేబుల్లో ఉన్న ఫోను కెమెరాలు చాలామటుకు ఆ అమరిక సంతానమే.

కాబట్టి ఆకుపచ్చ పుట్టుకతోనే కాంతి ఎక్కువున్న రంగు. తెరమీద దాన్ని 255 దాకా వెలిగించి, పైన తెల్ల అక్షరం పెడితే చదవడం ఎవరి తరమూ కాదు. వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దీనికి ఒక కొలత పెట్టింది. నలుపు మీద తెలుపుకు 21 మార్కులు, తెలుపు మీద తెలుపుకు ఒకటి. మామూలు సైజు అక్షరానికీ వెనకున్న రంగుకూ మధ్య నాలుగున్నర దాటాలి. ఇంకా నిక్కచ్చిగా ఉండాలనుకునేవాళ్లకు ఏడు. ఇప్పుడు చూడండి. పూర్తిగా వెలిగిన ఆకుపచ్చ మీద తెలుపుకు వచ్చేది ఒకటిన్నర కూడా కాదు. దాన్ని 128 మెట్టుకు దించితే అయిదు దాటుతుంది. 100కు దించితే ఏడుంపావు దాటి నిక్కచ్చి పరీక్ష కూడా గట్టెక్కుతుంది. రంగు పేరు మూడుచోట్లా ఆకుపచ్చే. నెగ్గించినది దాని ముదురు.

ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. 255లో 100 అంటే అయిదింట రెండు వంతుల వెలుతురు అనుకుంటాం. కాదు. తెర మీది మెట్లు సమానంగా ఎక్కవు. 100వ మెట్టు దగ్గర నిజంగా వచ్చే కాంతి పూర్తి వెలుగులో ఎనిమిదో వంతు. అందుకే ఆ రంగు అంత గంభీరంగా కనిపిస్తుంది, అందుకే చవకరకం ఫోను తెరల మీద, అందులోనూ ఎండలో, తేలిగ్గా నలుపులో కలిసిపోతుంది. మీ వెబ్‌సైటు చూసేవాళ్లలో ఎక్కువమంది ఖరీదైన ఫోన్లవాళ్లు కాకపోతే 100 దగ్గర ఆగడమే క్షేమం. 50, 60కి దించితే అది పచ్చ అని మీరు చెప్పాలి తప్ప వాళ్లకు తెలియదు.

వెబ్ రంగుల పేర్లను మాత్రం గుడ్డిగా నమ్మకండి. రెండు వేర్వేరు పాత జాబితాలను కలిపి ఒకటి చేసేటప్పుడు వింతలు జరిగాయి. ఆ జాబితాలో 'డార్క్ గ్రే' అనే ముదురు బూడిద, మామూలు 'గ్రే' కంటే లేతగా ఉంటుంది! డార్క్ గ్రీన్ వరకు ఆ గొడవ లేదు, అది నిజంగానే ముదురు. అయినా పేరు చూసి కాదు, అంకె చూసి రంగు వేయడం అలవాటు చేసుకోవాలి.

మనందరికీ తెలిసిన ఉదాహరణ వాట్సాప్. దాని గుర్తులో ఉన్న మెరిసే పచ్చ మీద తెల్ల టెలిఫోను బొమ్మ ఉంటుంది. ఆ రెండింటికీ మధ్య తేడా కొలిస్తే వచ్చేది రెండు. బొమ్మ పెద్దది, రోజూ చూసేది కనుక చెల్లిపోతోంది. కానీ ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలాకాలం పేరు, ఫొటో కనిపించే పైపట్టీకి ఆ పచ్చ వాడలేదు, నీలం ఛాయ ఉన్న ముదురు పచ్చ వాడారు. దాని మీద తెల్ల అక్షరానికి ఏడున్నర పైనే వస్తుంది. ఒకే కంపెనీ, రెండు పచ్చలు. పిలవడానికి ఒకటి, చదివించడానికి ఇంకొకటి. ఈ పని విభజన నాకు చాలా నచ్చింది. దుకాణం బోర్డు పచ్చని తీసుకెళ్లి వ్యాసం వెనక పరచకూడదు.

తెలుగు అక్షరాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. మన లిపి అంతా గుండ్రాలు, చిన్న చిన్న సందులు. 'మ'కూ 'య'కూ తేడా, 'ఘ'లో కడుపు, కింద వేలాడే వత్తులు ఇవన్నీ వెంట్రుకవాసి ఖాళీల మీద ఆధారపడ్డవి. ముదురు రంగు మీద తెల్ల అక్షరం తెరమీద కొంచెం ఉబ్బినట్టు కనిపిస్తుంది, వెలుగు పక్కకు చిందుతుంది. అదే కాగితం మీద దీనికి సరిగ్గా వ్యతిరేకం. తెల్ల అక్షరం అంటే అక్కడ ఇంకు పడని చోటు. చుట్టూ ఉన్న ఇంకు లోపలికి పాకుతుంది, అక్షరం చిక్కిపోతుంది, సందులు పూడిపోతాయి. కాబట్టి వెబ్ పేజీలో మండలి లాంటి తేలికైన ఫాంటు సరిపోయిన చోట, అదే డిజైన్‌ను అట్టమీద అచ్చు వేసేటప్పుడు ఇంకో మెట్టు బరువైనది తీసుకోవాలి. శీర్షికకైతే రామభద్ర లాంటి దిట్టమైనది ఉంటే నిశ్చింత. వరుసల మధ్య ఎడం కూడా పెంచండి, పై వరుస వత్తూ కింది వరుస గుడీ తగులుకోకుండా. ఇంకో సలహా, ఇది నా ఇష్టం కిందే లెక్కవేసుకోండి: ముదురు పచ్చ మీద పాలతెలుపు కంటే కాస్త మీగడ ఛాయ ఉన్న తెలుపు చదవడానికి హాయిగా ఉంటుంది. రాత్రిపూట ఫోనులో చదివేవాళ్లు తేడా చెబుతారు.

తెల్ల పేజీ మీద అక్షరాలనే ముదురు పచ్చలో పెడితే? శీర్షికలకు చక్కగా ఉంటుంది. కానీ నల్లని వ్యాసం మధ్యలో నొక్కవలసిన లింకును కేవలం ముదురు పచ్చ చేసి వదిలేస్తే అది ఎవరికీ కనబడదు. మనం రాసుకున్న 0, 100, 0 రంగుకూ నలుపుకూ మధ్య తేడా మూడుకు కూడా అందదు. కింద గీత ఉండాల్సిందే. గీత వేస్తే పాతకాలంలా ఉంటుందని డిజైనర్లు మొహం చిట్లిస్తారు. ఉండనివ్వండి.

ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లు చాలా ఉన్నాయని కూడా మరచిపోకూడదు. ఐరోపా మూలాలున్న మగవాళ్లలో ఇది సుమారు నూటికి ఎనిమిదిమందికి ఉంటుంది. ఆడవాళ్లలో బాగా తక్కువ. ముదురు పచ్చ, ముదురు ఎరుపు కాంతిలో దాదాపు సమానం. నా లెక్కలో వాటి మధ్య తేడా ఒకటిన్నరలోపే. డబ్బు జమ అయితే ముదురు పచ్చ, పోతే ముదురు ఎరుపు అని పెట్టి, పక్కన ప్లస్సూ మైనస్సూ పెట్టకపోతే ఆ కళ్లకు రెండూ ఒకటే. మన దేశంలో దీనికి మంచి సాక్ష్యం ఉంది. తినుబండారాల పొట్లం మీద శాకాహారానికి చతురస్రంలో పచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉండేవి. రంగు తేడా పట్టలేనివాళ్లకు రెండు చుక్కలూ ఒకేలా కనబడేవి. 2020 నాటి లేబుల్ నిబంధనల్లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ మాంసాహారానికి చుక్క తీసేసి త్రికోణం పెట్టింది. రంగులు మార్చలేదు, ఆకారం మార్చింది. ఇంతకంటే తెలివైన డిజైన్ దిద్దుబాటు ఈమధ్య ప్రభుత్వ కార్యాలయాల నుంచి వచ్చినట్టు నాకు గుర్తులేదు.

ఇక కాగితం. తెరమీద ఆకుపచ్చ సొంత వెలుగు. అచ్చులో దానికి సొంత ఇల్లే లేదు. ఆఫ్‌సెట్ యంత్రంలో ఉండే ఇంకులు నాలుగు: సియాన్ అనే నీలం, మెజెంటా అనే గులాబి, పసుపు, నలుపు. పచ్చ అంటే నీలం మీద పసుపు. దాన్ని ముదురు చేయాలంటే నలుపో, కొంచెం మెజెంటానో కలపాలి. మన 0, 100, 0 రంగును యాంత్రికంగా లెక్కకట్టి ఈ ఇంకుల్లోకి మారిస్తే నీలం 100, మెజెంటా సున్నా, పసుపు 100, నలుపు 61 వస్తుంది. కూడండి, 261. అంటే ఒకే చోట రెండు నిండు పూతలు, పైన ఇంకో సగానికి పైగా పూత. నునుపైన ఆర్ట్ పేపరు 300 దాకా మోస్తుంది. దినపత్రిక కాగితం 240 దగ్గరే చేతులెత్తేస్తుంది. ఆ పైన పోస్తే ఇంకు ఆరదు, పైన పడ్డ కాగితం వీపుకు అంటుకుంటుంది, కాగితం అలలు తిరుగుతుంది, రంగు చచ్చి నల్లబడుతుంది. మొదట్లో చెప్పిన నల్లబడ్డ అట్ట కథ ఇదే.

నలుపు ఎక్కువ పోస్తే పచ్చకు మసి పట్టినట్టవుతుంది. మెజెంటా ఎక్కువైతే ఎండుటాకు వైపు పోతుంది. పసుపు నీలాన్ని మరీ మించితే ఆలివ్ కాయ రంగు. ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో ముందే పేర్చి ఇచ్చిన రంగుల్లో ఒక ముదురు పచ్చ ఉంది: నీలం 90, మెజెంటా 30, పసుపు 95, నలుపు 30. మొత్తం 245. ఎవరో అనుభవజ్ఞులు కూర్చిందని చూడగానే తెలుస్తుంది. ముదురంతా నలుపు నెత్తిన వేయకుండా మెజెంటాకు పంచారు. మ్యాప్‌లితో కాగితం మీదైతే దీన్ని ఇంకొంచెం పలచన చేయాలి, ఎందుకంటే పూత లేని కాగితం ఇంకును తాగేస్తుంది, తడిమీద నిగనిగలాడినది ఆరాక వాడిపోతుంది. ప్రెస్సులో యంత్రం పక్కన నిలబడి తడి కాగితం చూసి "భలే వచ్చింది" అనేవాళ్లు మర్నాడు ఇంకోసారి చూడాలి.

మరో చిక్కు. మూడు నాలుగు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగితే ప్రెస్సు భాషలో 'రిజిస్టర్ తప్పింది' అంటారు. నల్లటి అక్షరానికి ఒకటే ప్లేటు కనుక ఏమీ కాదు. ముదురు పచ్చ నేల మీద తెల్ల అక్షరం రివర్సులో తీస్తే మాత్రం నాలుగు ప్లేట్లలోనూ ఆ అక్షరం ఒకేచోట ఖాళీగా ఉండాలి. తప్పితే ఒక పక్క పసుపు అంచు, ఇంకో పక్క నీలం అంచు వస్తాయి. 8 పాయింట్ల తెలుగు అక్షరంలో వత్తులన్నీ పోతాయి. కరపత్రం వెనక నిబంధనలు, షరతులు ఇలా వేసేవాళ్లు అవి చదవకూడదనే వేస్తారేమో అని నాకు అనుమానం.

దీనికి పాత మందు ఉంది: పచ్చ ఇంకునే నేరుగా వాడటం. ప్రెస్సుల్లో స్పెషల్ కలర్ అంటారు. పాంటోన్ సంస్థ 1963లో తెచ్చిన రంగుల పుస్తకంలో అంకె చూపించి ఆ ఇంకు కలిపించుకోవచ్చు. ఒకే ప్లేటు కనుక రిజిస్టర్ భయం లేదు. తక్కువ బడ్జెట్‌లో చిన్న పుస్తకం వేసుకునే కవులకూ, సంఘాలకూ నేనిచ్చే సలహా ఇది. నాలుగు రంగుల అట్టకు ఆశపడి లోపల నాసి నలుపు వేసే బదులు, పుస్తకమంతా ఒకే ఒక్క ముదురు పచ్చ ఇంకుతో వేయండి. అక్షరాలు పూర్తి ముదురులో, శీర్షికల వెనక పట్టీలు అదే ఇంకు 15 శాతం చుక్కల్లో. ఒక్క ఇంకు ఖర్చుతో రెండు రంగుల పుస్తకం చేతికొస్తుంది. నలుపుతో ఈ పని చేస్తే వచ్చేది ఉత్త బూడిద. లేత పచ్చతో చేస్తే అక్షరం ఆనదు. నలుపుకు బదులు నిలబడి, అయినా రంగులా కనిపించే ఇంకులు వేళ్లమీద లెక్కపెట్టేవి, అందులో ముదురు పచ్చ ఒకటి.

పచ్చను నీలం, పసుపు కలిపి చేయడం ఆఫ్‌సెట్ యంత్రం కనిపెట్టిన తెలివి కాదు. మన మచిలీపట్నం తీరంలో వందల ఏళ్ల కిందట అద్దకంవాళ్లు చేసిందీ అదే. గుడ్డకు నిలిచే పచ్చ ఇచ్చే ఒంటి చెట్టు వాళ్లకు దొరకలేదు. ఆకు వేయాలంటే ముందు నీలిమందుతో నీలం ఎక్కించి, దానిమీద పసుపు పూసేవారు. నీలిమందు మొండిది. పూసిన పసుపు అర్భకం, వెలుతురుకు ఆగదు. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో కోరమండల్ తీరం నుంచి ఓడలెక్కి ఐరోపా వెళ్లిన ఆ కలంకారీ పరదాలు, పడకదుప్పట్లు ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ లాంటి మ్యూజియాల్లో ఉన్నాయి. వాటిలో చాలా పూలచెట్లకు ఆకులు నీలంగా ఉంటాయి. చూసినవాళ్లు ఎంత చిత్రమైన ఊహ అనుకుంటారు. ఊహ కాదు, వేసిననాడు అవి మామూలు పచ్చని ఆకులే. పసుపు వెళ్లిపోయింది, నీలం ఉండిపోయింది.

ఇది మ్యూజియం కబురు మాత్రమే కాదు. మన వీధి గోడల మీద ఎండకెండిన పాత సినిమా పోస్టర్లు, బస్టాండు ఫ్లెక్సీలు గమనించండి. కొన్ని నెలలకు అన్నీ నీలిరంగుకు తిరుగుతాయి. మామూలు ఇంకుల్లో పసుపు, మెజెంటా ఎండకు ముందు పోతాయి, సియాన్, నలుపు ఆలస్యంగా పోతాయి. అందుకే ఎరువుల దుకాణం బయట పెట్టిన ముదురు పచ్చ బోర్డు రెండు వేసవులు దాటేసరికి నీలి బోర్డవుతుంది. ఎండలో ఏళ్ల తరబడి ఉండాల్సిన దానికి నాలుగు ఇంకుల పచ్చ పనికిరాదు. 1930ల్లో వచ్చిన థాలోసయనిన్ అనే రాగి రంగుపొడి కుటుంబంలో ఒక పచ్చ ఉంది. ఎండకు గట్టిది, లోతైనది, కొంచెం నీలం వైపు మొగ్గుతుంది. బోర్డులు రాసే పెయింటులోనూ, స్పెషల్ కలర్ ఇంకుల్లోనూ కనిపించే లోతైన పచ్చ ఎక్కువగా దాని చలవే. జాతీయ రహదారిమీద ఊళ్ల పేర్లున్న పచ్చ బోర్డులు ఏళ్లతరబడి పచ్చగానే ఎందుకుంటున్నాయి, పక్కనే ఉన్న ఫ్లెక్సీ ఎందుకు ఉండటం లేదు అంటే, బోర్డుకు వాడే పదార్థం బయట ఎండను ఓర్చడానికే చేసినది.

నిలిచే పచ్చ కోసం మనిషి చాలా మూల్యం చెల్లించాడు. 1775లో స్వీడన్ రసాయనవేత్త షీలే రాగినీ, ఆర్సెనిక్‌నీ కలిపి ఒక పచ్చ చేశాడు. 1814లో జర్మనీలో దానికంటే మెరిసేది, ఎమరాల్డ్ గ్రీన్ వచ్చింది. అదీ ఆర్సెనిక్‌దే. గోడ కాగితాలకు, దుస్తులకు, పుస్తకాల గుడ్డ అట్టలకు విరివిగా వాడారు. అమెరికాలో వింటర్‌థర్ మ్యూజియంవాళ్లు 2019 నుంచి పాత గ్రంథాలయాల్లో ఇలాంటి విషపు పచ్చ అట్టలను వెతికి గుర్తిస్తున్నారు. వాటిని చేతికి తొడుగు వేసుకుని పట్టుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దంలోనే ఇంకోవైపు, 1861లో అమెరికా అంతర్యుద్ధానికి డబ్బు కోసం అచ్చేసిన నోట్ల వెనకవైపు పచ్చ ఇంకు వాడారు. ఆనాటి ఫొటో కెమెరాలకు రంగులు తెలియవు. దొంగనోట్లవాళ్లు రంగు ఇంకును రసాయనంతో కడిగేసి నల్లభాగం ఫొటో తీసేవారు. ఈ క్రోమియం పచ్చ కడిగితే పోయేది కాదు. గ్రీన్‌బ్యాక్ అన్న పేరు అలా నిలిచింది. అందం కోసం వేసిన పచ్చ ప్రాణం మీదికి వచ్చింది, భద్రత కోసం వేసిన పచ్చ పేరు తెచ్చుకుంది.

పచ్చ ఎంత జారుడు రంగో తెలియాలంటే మన జాతీయ జెండానే చూడండి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో మన పింగళి వెంకయ్య గారు గాంధీజీకి ఇచ్చిన జెండా నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ ఉన్నాయి. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలోనూ కింది పట్టీ ఆకుపచ్చే. ఏ ఆకుపచ్చ? 1951లో భారత ప్రమాణాల సంస్థ దానికి ఫలానా వెలుతురు కింద ఫలానా కొలత అని అంకెల్లో నిర్ణయించింది. గుడ్డకు ఆ కొలత నడుస్తోంది. మరి తెరమీద? అంతర్జాలంలో చాలాకాలంగా తిరుగుతున్న జెండా బొమ్మల్లో ఆ పచ్చ 19, 136, 8 అని ఉంటుంది. ఈమధ్య వాటిలో కొన్నిచోట్ల 4, 106, 56 కనిపిస్తోంది. మొదటిది గడ్డి వైపు, రెండోది అడవి వైపు. పక్కపక్కన పెడితే రెండు దేశాల జెండాలనుకుంటారు. ఆగస్టు పదిహేనుకు కరపత్రం వేసేవాళ్లు గూగుల్‌లో దొరికిన బొమ్మ తీసి అచ్చు వేస్తే ఏ పచ్చ వస్తుందో దేవుడికే తెలియాలి.

ప్రచురణకర్తల్లో ఈ రంగును సొంతం చేసుకున్నవాళ్లున్నారు. హార్వర్డ్ ప్రచురించే లోబ్ గ్రంథమాలలో గ్రీకు పుస్తకాలకు పచ్చ అట్ట, లాటిన్‌కు ఎర్ర అట్ట. పేరు చదవకుండానే అలమరలో భాష తెలుస్తుంది. లండన్‌లో విరాగో అనే స్త్రీల ప్రచురణ సంస్థ 1978లో మరుగునపడ్డ రచయిత్రుల నవలలను తిరిగి వేయడం మొదలుపెట్టినప్పుడు అన్నింటికీ ముదురు పచ్చ వీపు పెట్టింది. ఇప్పటికీ పాత పుస్తకాల దుకాణాల్లో పాఠకులు ఆ వీపును చూసి చేయి చాస్తారు. నన్నడిగితే ఈ రంగుకు అంతకంటే మంచి ఉద్యోగం లేదు. పక్కన ఉన్నవాటికి అడ్డురాదు, దానంతట అది దాక్కోదు.

దుర్వినియోగం కూడా తక్కువ కాదు. 2009లో మెక్‌డొనాల్డ్స్ జర్మనీలో తన ఎర్ర నేపథ్యం తీసి ముదురు పచ్చ వేసుకుంది, పర్యావరణం పట్ల గౌరవమని చెప్పుకుంది. బర్గర్ బర్గరే. మన దగ్గర కూడా 'సహజం', 'సేంద్రియం' అని రాసిన ప్రతి సీసా మీదా ఆకు బొమ్మ, ముదురు పచ్చ పట్టీ చూస్తున్నాం. సీసా వెనక సన్న అక్షరాల్లో ఏముందో చదివితే కథ వేరుగా ఉంటుంది. డిజైనర్లు ఇది తమ పని కాదనుకుంటారు. లోపల ఆకు లేనిదానికి ఆకు బొమ్మ గీయనని చెప్పడం కూడా వృత్తిలో భాగమే. అందరూ ఎలాగూ వేస్తున్నారు కనుక, నిజంగా పొలం నుంచి వచ్చిన సరుకు అమ్మేవాళ్లు ఇప్పుడు పచ్చ కాకుండా ఇంకో రంగు వేసుకుంటే ఎక్కువ నమ్మకంగా కనిపిస్తారని నా అంచనా.

చివరగా ఒక విన్నపం. మీరు డిజైనరైనా, డబ్బు కట్టే మనిషైనా సరే, ముదురు పచ్చ అట్టకు తెరమీద చూసి "సరే" అనకండి. అచ్చు వేయబోయే అదే కాగితం మీద ఒక ప్రూఫు తీయించమనండి, కొంచెం ఖర్చయినా సరే. అది ఆరేదాకా ఆగండి. ప్రెస్సు ట్యూబులైటు కింద కాదు, గుమ్మం బయటకు తెచ్చి పగటి వెలుతురులో చూడండి. దానిమీద ఉన్న అతి చిన్న తెలుగు అక్షరాన్ని మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఇచ్చి చదివించండి. వాళ్లు తడుముకోకుండా చదివితే సంతకం పెట్టండి. లేకపోతే రంగు మార్చమని కాదు, ముదురు మార్చమని చెప్పండి.